మేనమామ – మేనల్లుడు
నవాబ్ నాసిర్ జంగ్ జీవితం నేర్పే పాఠం



బందరులో పరాసుపేట పేరు విననివారు మన ప్రాంతంలో అరుదు. పరాసులంటే ఫ్రెంచివారు. అవనిగడ్డ నుండి ఏ పనిమీదనో బందరు వెళ్ళినప్పుడు ఆ పేట పేరు మన నోట అలవోకగా వస్తుంది. అయితే సముద్రాలు దాటి వచ్చిన ఆ జాతి చేతికి మన బందరు, మన దివిసీమ ఎలా చిక్కాయని మాత్రం మనం ఆలోచించం. ఫిరంగుల బలంతో గెలుచుకున్నారని చాలామంది అనుకుంటారు. అందులో కొంత నిజం ఉంది. కాని అసలు సంగతి అంతకుముందే ఒక ఇంట్లో మొదలైంది. అది ఒక మేనమామకూ, ఆయన సొంత చెల్లెలి ఇంటివారిలా చూసుకోవలసిన మేనల్లుడికీ మధ్య వచ్చిన తగాదా.

ఆ మేనమామ పేరు మీర్ అహ్మద్ అలీ ఖాన్. చరిత్రలో నాసిర్ జంగ్‌గా ప్రసిద్ధుడు. దక్కన్ పుస్తకాల్లో ఆయన పేరు చివర షహీద్ అన్న మాట కూడా చేర్చి రాస్తారు. ఈ నెల ఆయన జీవితాన్ని, ముఖ్యంగా ఆయన వెంట నడిచిన దండులోని మామూలు సైనికుని రోజులను మీ ముందుంచుతున్నాం.

జననం, యౌవనం

నాసిర్ జంగ్ 1712 ఫిబ్రవరి 26న జన్మించారు. తండ్రి నిజాముల్ ముల్క్ ఆసఫ్ జాహ్, హైదరాబాదు రాజ్యానికి పునాది వేసిన మహావ్యక్తి. నాసిర్ జంగ్ ధైర్యవంతులు, చదువుకున్నవారు, పారసీలో కవిత్వం చెప్పేవారు. 1737లో తండ్రి ఢిల్లీ వెళుతూ దక్కన్ బాధ్యతను ఈ కుమారునికే అప్పగించారు. 1740లో పీష్వా బాజీరావు సేనలను ఎదుర్కొని, గోదావరి తీరాన ముంగి–షెవ్‌గావ్ దగ్గర సంధి చేసుకున్నది కూడా ఆయనే. అప్పటికి వయసు ముప్ఫై నిండలేదు.

అధికారం రుచి అలాంటిది. తండ్రి తిరిగి వస్తున్నారని తెలియగానే చుట్టూ ఉన్నవారు ఆయన చెవిలో ఊదడం మొదలుపెట్టారు. ఒక దశలో నాసిర్ జంగ్ అన్నీ వదిలేసి, ఖుల్దాబాద్‌లో మహనీయుల సమాధుల చెంత ఫకీరులా కూర్చున్నారు. అక్కడ స్థిరంగా ఉండి ఉంటే ఎంత బాగుండేది! మళ్ళీ సలహాదారుల మాట విని సైన్యం పోగుచేసి తండ్రి మీదికే వచ్చారు. 1741లో ఔరంగాబాదు ఈద్గాహ్ సమీపంలో తండ్రీకొడుకుల సేనలు తలపడ్డాయి. నాసిర్ జంగ్ గాయపడి పట్టుబడ్డారు.

ఆ కాలపు రాజ్యాల్లో తిరగబడిన కొడుకుకు కళ్ళు తీయించడం, తల తీయించడం కొత్తేమీ కాదు. కాని నిజాముల్ ముల్క్ ఆ పని చేయలేదు. కొంతకాలం నిర్బంధంలో ఉంచి, తర్వాత విడిపించి, మళ్ళీ పదవి కూడా ఇచ్చారు. పాఠకులు ఈ విషయాన్ని గుర్తుంచుకోవాలి. తర్వాత జరిగిన కథ అంతా దీనిచుట్టే తిరుగుతుంది.

తగాదా మొదలు

1748 జూన్ 1న బుర్హాన్‌పూర్‌లో నిజాముల్ ముల్క్ కన్నుమూశారు. నాసిర్ జంగ్ గద్దెనెక్కారు. వెంటనే ఆయన సోదరి కుమారుడు హిదాయత్ ముహియుద్దీన్ ఖాన్ రాజ్యం తనకే రావాలని లేచాడు. ఇతణ్ణే ముజఫ్ఫర్ జంగ్ అంటారు. తాత తనను వారసునిగా నిర్ణయించాడని అతని వాదన. ఆర్కాటు నవాబు పదవి కోసం కాచుకుని ఉన్న చందా సాహెబ్ అతనితో చేతులు కలిపాడు. పుదుచ్చేరిలోని ఫ్రెంచి గవర్నరు డూప్లే వారిద్దరికీ సైనికులను ఇచ్చాడు. 1749 ఆగస్టు 3న అంబూరు యుద్ధంలో ఆర్కాటు నవాబు అన్వరుద్దీన్ ఖాన్ వృద్ధాప్యంలో ఏనుగు మీదే నేలకొరిగారు.

ఇరుపక్షాలూ ముస్లిములే. ఇరువైపులా అజాన్ ఒక్కటే, ఖిబ్లా ఒక్కటే. దీనిని ధర్మం కోసం చేసిన యుద్ధమని మేము అనలేం. అది గద్దె కోసం ఒక కుటుంబం చేసుకున్న యుద్ధం. నాసిర్ జంగ్ దక్షిణానికి దండు కదిలించారు.

దండులో ఒక రోజు

ఆ దండు ఎంత పెద్దదంటే, ఆనాటి ఇంగ్లీషు చరిత్రకారుడు రాబర్ట్ ఆర్మ్ లెక్కలో మూడు లక్షలమంది. అందులో సగానికి పైగా గుర్రపు దళం. 800 ఫిరంగులు, 1300 ఏనుగులు. ఈ అంకెల్లో అతిశయోక్తి ఉండవచ్చు. సగానికి తగ్గించినా అది నడుస్తున్న నగరమే.

అలాంటి దండులో సైనికుని రోజు ఎలా గడిచేదో చూద్దాం. తెల్లవారకముందే నగారా మోగేది. చీకట్లోనే ఫజ్ర్ నమాజు, గుడారం విప్పడం, సామాను ఎడ్లమీదికి, ఒంటెలమీదికి ఎక్కించడం. ప్రభువు డేరాలు రెండు జతలు ఉండేవి. ఒక జత ముందురోజే బయలుదేరి తర్వాతి మజిలీలో సిద్ధంగా ఉండేది. సైనికునికి అటువంటి సౌకర్యం లేదు. అతని గుడారం అతనితోనే కదలాలి, అతనితోనే ఆగాలి.

నడక రోజుకు కొద్ది కోసులే. పెద్ద ఫిరంగులను లాగే ఎడ్లజతలు ఎంత వేగంగా నడిస్తే దండంతా అంతే వేగం. వాగు అడ్డొస్తే ఆ పూటంతా అక్కడే. మన లంకల్లో చెరకు బండి బురదలో దిగబడితే ఎంతమంది భుజం పట్టాలో మన రైతులకు తెలుసు. అక్కడ బండి మీద ఉన్నది చెరకు కాదు, ఫిరంగి.

మజిలీ చేరగానే మొదటి పని గుర్రం. రౌతుల్లో చాలామందికి గుర్రం సొంత ఆస్తి. అది చస్తే జీతమూ పోతుంది, ఇంట్లో పొయ్యీ ఆరిపోతుంది. అందుకని తాను తినకముందే దానికి శనగలో ఉలవలో నానబెట్టి పెట్టేవాడు. గడ్డి కోసేవారు చుట్టుపక్కల పొలాల మీద పడేవారు. తర్వాత తన వంతు: రొట్టె, పప్పు, దొరికిన రోజు ఖిచిడీ. తిండిగింజలు లంబాడీలు వేల ఎడ్లమీద తెచ్చి దండు బజారులో అమ్మేవారు. సర్కారు వండిపెట్టదు. తన జీతంలోంచి తానే కొనుక్కోవాలి. ఆ జీతమేమో నెలలతరబడి బకాయి. షాహుకారు దగ్గర అప్పు, బజారులో అరువు; ధర పెరిగిన రోజు అర్ధాకలి.

సైనికుల కంటే సైనికులు కానివారే ఎక్కువ. వంటవాళ్ళు, కమ్మరులు, గుర్రపువాళ్ళు, వ్యాపారులు, కొందరి భార్యాబిడ్డలు. బిడ్డలు దారిలోనే పుట్టేవారు. ముసలివారు దారిలోనే పోయేవారు. ఎక్కడ పడితే అక్కడ ఒక ఖబ్రు, మర్నాడు నగారా.

ఇంతమంది నడిచిన దారిలో ఉన్న రైతు గురించి కూడా ఆలోచించాలి. ఏ పక్షం వచ్చినా అతని చేను గుర్రాల పాలే. గద్దె మామదో అల్లుడిదో అతనికి సంబంధం లేదు.

నమాజు, ఉపవాసం

ఆ దండులో పండితులు కూడా ఉన్నారు. వారిలో ముఖ్యులు మౌలానా గులాం అలీ ఆజాద్ బిల్‌గ్రామీ (రహ్మ.). ఇంటి నుండి కాలినడకన బయలుదేరి హజ్ చేసిన విద్వాంసుడు. నాసిర్ జంగ్ ఆయనను గురువులా గౌరవించేవారు. మిత్రులు ఎంత చెప్పినా ఆజాద్ గారు ఏ పదవీ స్వీకరించలేదు. ఈ ప్రయాణంలోనే, హిజ్రీ 1163లో ఆర్కాటులో ఉండగా, తఫ్సీర్, హదీసు గ్రంథాల్లో హింద్ దేశం ప్రస్తావనలన్నిటినీ ఏరి అరబీలో ఒక పుస్తకం రాశారు. చుట్టూ కత్తులు నూరుతుంటే ఆయన కలం నూరుకున్నారు.

సైనికుని ఆరాధనకు ధర్మం సౌలభ్యం కల్పించింది. ప్రయాణికుడు నాలుగు రకాతుల ఫర్జ్‌ను రెండుగా చేస్తాడు. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం ఒకచోట పదిహేను రోజులు ఉండాలని సంకల్పిస్తే పూర్తిగా చేయాలి. రేపో మాపో కదులుతామంటూ నెలలు గడిచిపోతే ప్రయాణికుడే. సైనికునికి సొంత సంకల్పం కూడా చెల్లదు. సేనాని సంకల్పమే అతని సంకల్పం. శత్రువు ఎదుట నిలబడినప్పుడు సైతం ఒక వర్గం కాపలా కాస్తే మరొక వర్గం ఇమాము వెనుక నిలిచే పద్ధతిని సూరహ్ అన్‌నిసాలో అల్లాహ్ బోధించాడు. అంటే యుద్ధంలో కూడా జమాఅతు చెదరకూడదు.

ఇక్కడే మన హృదయం కలుక్కుమంటుంది. నమాజులో జమాఅతు చెదరకుండా చూసుకున్న ఆ మనుషులు రాజ్యంలో జమాఅతును నిలుపుకోలేకపోయారు.

ఇచ్చిన మాట

1750 మార్చిలో రెండు సేనలు పుదుచ్చేరికి దగ్గరలోని వళుదావూరు వద్ద ఎదురెదురుగా నిలిచాయి. యుద్ధం జరగనే లేదు. డబ్బు పంపకంలో అలిగి పదమూడుమంది ఫ్రెంచి అధికారులు కొలువు వదులుకున్నారు. ఫ్రెంచి దళం రాత్రికి రాత్రే వెనక్కి వెళ్ళిపోయింది. ముజఫ్ఫర్ జంగ్ ఒంటరివాడయ్యాడు. మేనమామకు లొంగిపోవడం తప్ప దారి లేకపోయింది.

బంధించననీ, తాత కాలంలో అనుభవించిన పదవులు తీసివేయననీ నాసిర్ జంగ్ ఖుర్ఆన్ సాక్షిగా మాట ఇచ్చారని ఆర్మ్ రాశాడు. ఆ మాట నమ్మి మేనల్లుడు వచ్చాడు. వచ్చినవాణ్ణి సంకెళ్ళలో పెట్టారు.

తొమ్మిదేళ్ళ క్రితం ఔరంగాబాదు ఈద్గాహ్ దగ్గర ఓడి, తండ్రి ఎదుట బందీగా నిలబడింది ఎవరు? ఆనాడు తనకు దొరికిన క్షమను ఈనాడు ఇంకొకరికి పంచే అవకాశం అల్లాహ్ ఆయన చేతికిచ్చాడు. మక్కా విజయం రోజున దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) తన బంధువులైన శత్రువులతో ఎలా వ్యవహరించారో నాసిర్ జంగ్‌కు తెలియనిది కాదు. తమను బావిలో పడవేసిన అన్నలతో యూసుఫ్ (అలై.) ప్రవర్తన తెలియనిదీ కాదు. తెలియడం వేరు, చేయి చాచవలసిన క్షణంలో చేయి చాచడం వేరు.

న్యాయంగా మరొక మాట కూడా చెప్పాలి. ముజఫ్ఫర్ జంగ్ అమాయకుడు కాడు. పరాయివారి ఫిరంగులను ఇంట్లోకి పిలిచిన మొదటి తప్పు అతనిదే. విడిచిపెడితే మళ్ళీ లేస్తాడన్న భయం మేనమామకు ఉండటంలో ఆశ్చర్యం లేదు. కాని తండ్రికి కూడా అదే భయం ఉండి ఉంటుంది కదా! అయినా ఆయన కొడుకును విడిచిపెట్టారు.

బందరు చేజారింది

నాసిర్ జంగ్ ఆర్కాటుకు తిరిగి వచ్చి అక్కడే ఉండిపోయారు. ఫ్రెంచివారిమీద కోపంతో బందరులోనూ యానాంలోనూ వారి కొఠీలను జప్తు చేయించారు. దానికి బదులుగా డూప్లే 1750 జూలైలో రెండు ఓడల్లో 200 మంది ఐరోపా సైనికులను, 300 మంది సిపాయిలను పంపాడు. వారు రాత్రివేళ వచ్చిపడి బందరును పట్టుకున్నారు. మూడు లక్షల దండు ఉన్న ప్రభువు నుండి ఐదువందల మంది ఒక గొప్ప రేవును లాక్కున్నారు. ఎందుకంటే ఆ దండు మన తీరాన లేదు. ఇంటి తగాదా తీర్చుకోవడానికి దూరదేశంలో ఉంది.

ఆ ఏడాది రమజాన్ ఆగస్టులో వచ్చింది. ఆ నెల గడిచాక సెప్టెంబరులో బుస్సీ అనే ఫ్రెంచి సేనాని అజేయమని పేరుపడ్డ జింజీ కోటను ఒక్క రాత్రిలో తీసుకున్నాడు. అప్పటికిగాని నాసిర్ జంగ్ ఆర్కాటు నుండి కదలలేదు. కదిలేసరికి వానలు పట్టుకున్నాయి.

నీళ్ళ మధ్య దండు

1977 నవంబరు 19 నాటి ఉప్పెన గురించి దివిసీమ పెద్దలు చెబుతుంటే మనం విన్నాం. నాలుగువైపులా నీరే అయినప్పుడు మనిషి ఎంత నిస్సహాయుడో వారికి తెలుసు. నాసిర్ జంగ్ దండుకు వచ్చింది ఉప్పెన కాదు, ఈశాన్య రుతుపవనాల ముసురు. జింజీకి పదహారు మైళ్ళ దూరాన వాగులు పొంగి, ముందుకూ వెనక్కూ దారి లేక దండు నిలిచిపోయింది. అప్పటికి తగ్గిన దండులోనే అరవైవేల కాల్బలం, నలభై ఐదు వేల గుర్రపు బలం ఉన్నాయి.

ఈ రోజుల్లో సైనికుని స్థితి ఊహించండి. తడిసిన గుడారం, తడిసిన జీను. ఒత్తి తడిస్తే తుపాకీ పేలదు. లంబాడీల ఎడ్లు వాగు దాటి రాలేవు. బజారులో గింజ లేదు. గుర్రానికి గడ్డి లేదు. జబ్బులు మొదలయ్యాయి. ఈదుల్ అజ్‌హా ఆ బురదలోనే వచ్చి వెళ్ళింది. ముహర్రం మాసం చొచ్చింది. ఎందుకు వచ్చాం, ఎవరికోసం ఉన్నాం అని సామాన్య సైనికుడు తనను తాను అడగకుండా ఉంటాడా?

సైనికుని అసంతృప్తి కంటే ప్రమాదకరమైనది సర్దారుల అసంతృప్తి. కర్నూలు, కడప, సావనూరు పఠాన్ నవాబులు ఆ దండులోనే ఉంటూ డూప్లేతో రహస్యంగా ఉత్తరాలు నడిపారు. ముజఫ్ఫర్ జంగ్ లొంగుబాటులో మధ్యవర్తులుగా నిలబడింది తామేననీ, మాట తప్పడంతో తమ పరువు పోయిందనీ వారి కోపం. అలా తప్పిన ఒక మాట దండు నడిబొడ్డున చీలిక తెచ్చింది.

ముహర్రం 17

విచారకరమైన సంగతి ఏమిటంటే నాసిర్ జంగ్ చివరికి మెత్తబడ్డారు. డూప్లేతో సంధికి ఒప్పుకున్నారు. ఆ సంధి మాటల్లో మేనల్లుని విడుదల కూడా ఉందని చెబుతారు. సంతకమైన కాగితం పుదుచ్చేరికి వెళ్ళింది. కాని జింజీలోని ఫ్రెంచి దళానికి పఠానుల కబురు ముందుగా చేరింది.

హిజ్రీ 1164 ముహర్రం 17, అంటే 1750 డిసెంబరు 16, తెల్లవారుజామున 800 మంది ఐరోపా సైనికులు, 3000 మంది సిపాయిలు దండుమీద పడ్డారు. సంధి కుదిరిందన్న ధీమాతో ఉన్న నాసిర్ జంగ్ మొదట నమ్మలేదు. తర్వాత ఏనుగునెక్కి, కదలకుండా నిలబడి ఉన్న పఠానుల సేనవైపు వెళ్ళారు, వారిని యుద్ధానికి పురికొల్పడానికి. తనవారనుకున్న ఆ వరుసలోంచే గుండు వచ్చి ఆయన గుండెను చీల్చింది. తల నరికి ఈటెకు గుచ్చారు. వయసు ముప్ఫై ఎనిమిది. ఈ వ్యాసం రాస్తున్న మాది కూడా దాదాపు ఆ వయసే. మనిషికి తన తప్పు దిద్దుకోవడానికి ఇంకా చాలా కాలం ఉందనిపించే వయసది.

అదే ఉదయం ముజఫ్ఫర్ జంగ్ సంకెళ్ళు విప్పి నవాబును చేశారు. నాసిర్ జంగ్ దేహాన్ని ఖుల్దాబాదుకు తీసుకువెళ్ళి తండ్రి సమాధికి దగ్గరగా ఖననం చేశారు. ఒకనాడు ఫకీరులా కూర్చున్న ఊరికే చివరకు చేరుకున్నారు.

ఎవరికి ఏమి మిగిలింది?

ముజఫ్ఫర్ జంగ్ కృతజ్ఞతగా బందరును, దాని చుట్టుపట్ల సీమను ఫ్రెంచివారికి ఖాయం చేశాడు. అతని ఏలుబడి రెండు నెలలే. 1751 ఫిబ్రవరిలో రాయచోటి దగ్గర, తనను విడిపించిన ఆ పఠానులతోనే పంపకాల పేచీ వచ్చి, పోరులో చనిపోయాడు. కర్నూలు నవాబు కూడా అక్కడే చచ్చాడు. ఫ్రెంచివారు నిజాముల్ ముల్క్ మరొక కొడుకు సలాబత్ జంగ్‌ను గద్దెనెక్కించారు. 1753లో కొండపల్లి, ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం సర్కారులు కూడా వారి చేతికి వెళ్ళాయి. 1754లో ఫ్రెంచివారు, ఇంగ్లీషువారు కూర్చుని బందరు ఎవరికి, దివి ఎవరికి అని బేరాలాడుకున్నారు. మన ఊళ్ళ పంపకంలో మనవారెవరూ లేరు. 1759 ఏప్రిల్‌లో ఇంగ్లీషు కర్నల్ ఫోర్డు బందరు కోటను పట్టుకున్నాడు. సలాబత్ జంగ్‌ను 1762లో సొంత తమ్ముడు నిజాం అలీ ఖైదు చేశాడు. 1766లో ఆ నిజాం అలీయే ఉత్తర సర్కారులను ఇంగ్లీషు కంపెనీకి రాసిచ్చాడు.

ఆజాద్ బిల్‌గ్రామీ గారు మాత్రం ఆ తర్వాత కూడా ముప్ఫై అయిదేళ్ళు జీవించారు. 1758లో మిత్రుడు షాహ్ నవాజ్ ఖాన్ హత్యకు గురై ఇల్లు దోపిడీ అయినప్పుడు, ఆయన రాస్తున్న గొప్ప చరిత్రగ్రంథం కాగితాలు చెల్లాచెదురయ్యాయి. ఆజాద్ గారు ఎంతో శ్రమపడి వాటిని వెదికి, ఏరి, ఒకచోట చేర్చారు. అదే నేడు మనకున్న మఆసిరుల్ ఉమరా. రాజులు చెదరగొడుతుంటే ఒక ఆలిమ్ చేరుస్తూ పోయారు. వారు 1786లో పరమపదించారు. వారి సమాధి కూడా ఖుల్దాబాదులోనే ఉంది.

మన ఇళ్ళలో

పాఠకులారా! నాసిర్ జంగ్‌ను తూలనాడటానికి ఇది రాయలేదు. ఆయన అన్యాయంగా హతమయ్యారు. ఆయనకూ, ఆ బురదలో పేరులేకుండా పోయిన సైనికులకూ తీర్పు అల్లాహ్ దగ్గరే ఉంది. మన పని పాఠం నేర్చుకోవడం.

మన దగ్గర ఏనుగులు లేవు, ఫిరంగులు లేవు. కాని అర ఎకరం మెరక కోసం, ఇంటిగోడ జానెడు జరిగిందని, పెళ్ళిలో పిలుపు సరిగ్గా రాలేదని ఏళ్ళతరబడి సలాము మానుకున్న మేనమామలూ, మేనల్లుళ్ళూ మన జమాఅతుల్లో లేరా? ఒకే సఫ్‌లో భుజం కలిపి నిలబడి, సలాం తిప్పగానే వేర్వేరు తలుపుల నుండి బయటికి వెళ్ళేవారిని మేము చూస్తూనే ఉన్నాం. ముస్లిము తన సోదరునితో మూడు రోజులకు మించి మాట మానరాదని దైవప్రవక్త (సఅసం) బోధించారు. విశ్వాసులలో రెండు వర్గాలు పోరాడుకుంటే వారి మధ్య సయోధ్య కుదర్చమని సూరహ్ హుజురాత్ ఆదేశిస్తోంది. మధ్యవర్తి అంటే ఇరువైపులా మాట నిలబెట్టించేవాడు. మాట నిలవకపోతే మధ్యవర్తే శత్రువవుతాడని పఠాన్ నవాబుల సంగతి చెబుతోంది.

ఇంట్లో వాళ్ళు రాజీపడనప్పుడు బయటివాడు తగాదాను కొనుక్కుంటాడు. ఆనాడు కొన్నవాడు డూప్లే. ఈనాడు అది వడ్డీవ్యాపారి కావచ్చు, దళారి కావచ్చు. చివరకు ఆస్తి ఇద్దరికీ మిగలదు.

మీరెప్పుడైనా ఎవరి వల్లనైనా క్షమ పొంది ఉంటే, తండ్రి వల్ల, అన్న వల్ల, అప్పిచ్చినవాని వల్ల, దాన్ని ఒకసారి గుర్తు చేసుకోండి. అది మీ చేతిలో అమానతు. మీ ముందు తలవంచి నిలబడినవానికి అది అందాలి. ఆలస్యం చేయకండి. నాసిర్ జంగ్ కాగితం పుదుచ్చేరికి వెళ్ళింది, కాని వేళ మించిపోయింది.

అల్లాహ్ మన హృదయాలను కలుపుగాక! తెగిన బంధుత్వాలను కలిపే సద్బుద్ధిని మనకు ప్రసాదించుగాక! ఆమీన్.